సంచిలో గంట నాలుక

ఆ రోజుల్లో జనగామలో పొద్దున ఆరున్నర ప్యాసింజరు ఎక్కాలంటే టికెట్టు కంటే ముందు గుండె ధైర్యం ఉండాలి. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. ఏ ఊరివాళ్ళు ఏ పూట పట్టాల మీద కూర్చుంటారో స్టేషను మాస్టరుకే తెలియదు. మహబూబాబాదుకు టికెట్టు అడిగితే కౌంటర్లో ఆయన నా ముఖం చూసి, "పోవుడు పోతవు గని అవ్వా, వచ్చుడు సంగతి నాకు తెల్వదు" అన్నాడు. పోవడమే నాకు ముఖ్యం, ఇవ్వమన్నాను.

వెళ్తున్నది మా సంఘం కలిసే రోజని. సంఘమంటే పెద్దగా ఊహించుకోకండి. చర్చిల్లో ఏళ్ళ తరబడి గంట కొట్టి, వయసు మీద పడి తాడు వదిలేసినవాళ్ళం. దానికి పేరు కూడా లేదు. మా ఇళ్ళలో చెవిటోళ్ళ సంఘమని వెక్కిరిస్తారు. అది నిజమే. గంట కింద నిలబడ్డవాళ్ళకు ఒక చెవి ఎలాగూ మిగలదు. నా కుడి చెవిని నేను జనగామ గంటకే ఇచ్చేశాను. కలిసినప్పుడు మంచి చెవులు ఎదురెదురుగా వచ్చేలా కుర్చీలు సర్దుకునేసరికే చాయ్ చల్లారిపోతుంది. తర్వాత ఎవరి గంట గొప్పదో అరుచుకుంటాం. కట్టుబాటు మాత్రం ఒక్కటే ఉంది. మాలో ఎవరు కన్నుమూసినా చావుగంట మాలోని మరొకరే కొట్టాలి. అది మోగనిదే శవపెట్టె లేవకూడదు.

నా కాళ్ళ దగ్గర సంచిలో పాత చీరలో చుట్టిన గంట నాలుక ఉంది. గంట లోపల వేలాడుతూ అంచుకు తగిలే ఇనుప కడ్డీని మేము నాలుక అంటాం. చివర గుండు ఉంటుంది. మా గంటకు పగులు వస్తే దించి ఒక మూలన బోర్లించారు. నాలుక మాత్రం చెక్కుచెదరలేదు. భూపాలపల్లి చర్చిలో సంగతి దానికి తలకిందులు. గంట బాగుంది, నాలుకే విరిగిపడింది. అతికించే ఓపిక ఎవరికీ లేక మైకులో రికార్డు పెడుతున్నారు. అక్కడ గంట కొట్టిన ఏసోబుకు ఆ మైకంటే ఒళ్ళుమంట. "అది గంట కాదక్కా, గంట ఫొటో" అనేవాడు. మా చర్చి పెద్దల కాళ్ళావేళ్ళా పడి ఈ నాలుకను అడిగి తెచ్చింది అతని కోసమే. మహబూబాబాదులో కలిసి చేతికిస్తానని మాట.

ఎదుటి సీట్లో మిరపకాయల బస్తాతో కూర్చున్న ఆయన సంచిని కాలితో కదిపి చూశాడు.

"ఏముందవ్వా, గింత బరువున్నది?"

"నాలుక."

ఆయన బస్తాతో సహా అవతలికి జరిగాడు. తర్వాత వరంగల్ దాకా నాకు కాళ్ళు చాపుకోవడానికి బోలెడంత చోటు దొరికింది.

దారిలో రెండుచోట్ల ఆగినా పదింటికల్లా మహబూబాబాదులో దిగాను. స్టేషను బయట బండి మీద నాలుగు ఇడ్లీలు తిని ప్రకాశం ఇంటికి నడిచాను. ప్రకాశం ఆ ఊరి చర్చి గంట కొట్టినవాడు, మాలో అందరికంటే చెవిటివాడు. ఎప్పుడూ వీధి చివరి నుంచే వందనాలని కేకేసేవాడు ఆ రోజు నేను గుమ్మం ఎక్కేదాకా ఆగాడు.

"ఏసోబు పోయిండక్కా" అన్నాడు. "తెల్లారంగ పానం పోయిందట. రత్నమ్మ ఫోను చేస్తే మా ఇంటోళ్ళు చెప్పిన్రు."

సంచి అక్కడే దించి గడప మీద కూలబడ్డాను. రత్నమ్మ ఏసోబు భార్య. మా సంఘం మీద ఆయనకంటే ఆమెకే నమ్మకమెక్కువ. గంట మోగనిదే పెట్టెను లేవనివ్వనని భీష్మించుకుందట. చీకటి పడకముందే సమాధి చేయాలని పాస్టరు అయ్యగారు అంటున్నారట. కరెంటు పోయి మైకు కూడా లేదు. ఊరంతటి చావులకూ గంట కొట్టిన మనిషి తన చావుకు మూగగంట కింద పడుకుని ఉన్నాడు. దాని నాలుక నా సంచిలో ఉంది.

డోర్నకల్ నుంచి రావాల్సిన మావాళ్ళ బండి ఎక్కడో ఆగిపోయింది. ఇక వెళ్ళగలిగేది మేమిద్దరమే. బస్సులు లేవు. ప్రకాశం ఎరిగిన జీపు డ్రైవరు సోమ్లాది కురవి పక్క తండా. బందులో బండి తీయనని ముందు మొరాయించాడు. సంగతి విన్నాక, "మా బాపును సాగనంపిననాడు గుడ నాకు గిట్లనే బండి దొర్కలే" అని తాళంచెవి తీశాడు. డీజిలు పోయిస్తే చాలన్నాడు.

ఎవరైనా ఈ దారిన వెళ్ళదలిస్తే గూడూరు, నర్సంపేట, ములుగు మీదుగా వెళ్ళండి. మామూలు రోజుల్లో హాయైన ప్రయాణం. మాకు మాత్రం ప్రతి ఊరి మొదట్లోనూ ఆపేస్తారేమోనని భయమే. నర్సంపేటలో హోటళ్ళు మూసి ఉన్నాయి గానీ రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు జరుగుతోంది. జై తెలంగాణ అంటేనే వదులుతామన్నారు. అడగకముందే అన్నాను. ప్రకాశం తన మాట తనకే వినపడక మూడుసార్లు అరిచాడు. వాళ్ళు మెచ్చుకుని విస్తళ్ళలో పప్పన్నం పెట్టారు. చావింటికి వెళ్తూ అంత ఆకలిగా తిన్నందుకు సిగ్గేసింది, అయినా తిన్నాను.

ములుగు దాటాక ఒక ఊరి పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా చెట్టు మొద్దు, దాని పక్కన పోలీసులు. ఊరివాళ్ళు వేసిన మొద్దు అది. పోలీసులు దాన్ని తీయించే పనిలో ఉన్నారు. పొద్దున అక్కడ రాళ్ళు పడ్డాయట. ఎస్సై చిన్నవాడు, కోస్తా యాస. జీపంతా వెతికించి నా సంచి విప్పించాడు. చీర మడతల్లోంచి ఇనుప గుండు బయటపడగానే కానిస్టేబుళ్ళు లాఠీలు సర్దుకున్నారు.

"ఏమిటమ్మా ఇది?"

"గంట నాలుక సార్. భూపాలపల్లి చర్చికి."

"ఇది తగిల్తే మనిషి బతుకుతాడా? ఎవరికి చేరేస్తున్నారు? ఏవయ్యా, నువ్వు చెప్పు!"

ప్రకాశం చెట్టు మొద్దు వంక చూస్తూ నిలబడ్డాడు. ఎస్సైకి ఒళ్ళు మండింది. "అడుగుతుంటే పలకడేం?"

"చెవుడు సార్. నాక్కూడా ఒక చెవే."

"జీపు నిండా చెవిటివాళ్ళేనా? నాతో ఆటలా?" అని కసిరాడు. నాలుకను ఠాణాలో పెట్టిస్తానన్నాడు. మరునాడు వచ్చి తీసుకోవాలట. పొద్దు అప్పటికే పడమటికి వాలింది. ఆయన కాళ్ళు పట్టుకోవాలన్నంత భయం, పీక పట్టుకోవాలన్నంత కోపం ఒక్కసారే వచ్చాయి నాకు.

రోడ్డు పక్కనే రేకుల కప్పు చర్చి ఉంది. గంట కొనే స్తోమత లేని ఊళ్ళలో రైలు పట్టా ముక్కను వేలాడదీసి కొడతారు. అక్కడా అదే ఉంది. "కొట్టి చూపిస్తాను, మీకే తెలుస్తుంది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఊఁ అన్నాడు.

ఒక్క దెబ్బ కొట్టి ఆపేస్తే సరిపోయేది. కానీ నా చేతికి ఒక్క దెబ్బ తెలియదు. నాలుక పట్టా మీద పడగానే, ఆదివారం ఆరాధనకు రమ్మని పిలిచే రెండో గంట దానంతటదే వచ్చేసింది. గబగబా, ఊపిరి తీసుకోకుండా. ఆగిపోవాలని నాకు తట్టేసరికే ఊరు కదిలింది. ఉద్యమం మొదలైనప్పటి నుంచీ ఆ పట్టా జోరుగా మోగితే అందరూ రోడ్డెక్కాలని ఆ ఊరి ఏర్పాటట. నాకేం తెలుసు? పత్తి చేలలోంచి ఆడవాళ్ళు, సందుల్లోంచి మగవాళ్ళు, చేతికందినవి పట్టుకుని పరుగున వచ్చారు.

"ఎవల్ని పట్టుకపోతున్నరు?" అని ఎవరో అరిచారు. ఒక రాయి జీపు పక్కన పడింది. లాఠీలు లేచాయి. ఎస్సై నా వైపు తిరిగాడు. "నిజం చెప్పు, జనాన్ని పిలవడానికే కొట్టావు కదా?" అన్నాడు. అవుననే చెప్పాలి, అది పిలిచే గంటే. ఏసోబు సంగతి అలా ఉంచి, నా మూలాన ఇక్కడే ఎవరి తలో పగిలేట్టుంది.

కేకలేసినా ఎవరికీ వినపడదు. నాలుకను రెండు చేతులా ఎత్తి పట్టా మీద ఒక్క దెబ్బ వేశాను. ఆ మోత పూర్తిగా చచ్చేదాకా ఆగి, మళ్ళీ ఒక్కటి. మళ్ళీ ఆగి, ఇంకొకటి. అది చావుగంట. ప్రకాశానికి అది చెవికి కాక కాళ్ళకు తెలిసిందేమో, చటుక్కున తలపాగా తీశాడు. ముందు వరుసలో మగవాళ్ళు కూడా తువ్వాళ్ళు తీశారు. చేతుల్లో రాళ్ళున్నవాళ్ళు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డారు.

ఒక ముసలామె గుంపును తోసుకుని వచ్చింది. "ఎవలు పోయిన్రు బిడ్డా?"

"భూపాలపల్లిల గంట కొట్టెటాయన అవ్వా. గిది ఆయన కోసమే కొంచవోతున్న. పొద్దుగూకితే మన్నువెట్టేస్తరు."

ఆమె వెనక్కి తిరిగి, "మొద్దు గుంజున్రి" అంది, అంతే. అడ్డం పెట్టినవాళ్ళే దాన్ని పక్కకు లాగారు. పోలీసులు కూడా చేయి వేశారు. ఎస్సై చీరను తనే దులిపి నాలుకను చుట్టి నా చేతికిచ్చి, "వెళ్ళండి, త్వరగా" అన్నాడు. ఆయన ముఖం మీద చెమట నా చెమట కంటే తక్కువేమీ లేదు.

మేము చేరేసరికి ఎండ చర్చి గోడ పైఅంచున మాత్రమే ఉంది. సమ్మెలో ఉన్న గని కార్మికులు ఆవరణ నిండా నిలబడ్డారు. రత్నమ్మ పెట్టె మీద చేయి వేసి కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు. "తెచ్చినవా?" అని మాత్రం అడిగింది. ప్రకాశం నిచ్చెన ఎక్కి తోలు పట్టీతో నాలుకను బిగించాడు. తాడు నేను పట్టుకున్నాను. ఏడుస్తూనే కొట్టాను, దాచుకోవలసిందేముంది? పెట్టె లేచింది.

ఆ రాత్రి రత్నమ్మ ఇంట్లోనే పడుకున్నాం. తెల్లవారితే ఆదివారం. తొమ్మిది నుంచి మళ్ళీ రోడ్లు బందన్నారు. ఆలోగా ములుగు దాటకపోతే ఎన్నాళ్ళు చిక్కుబడతామో తెలియదు. ఆరాధనకు గంట కొట్టడానికి ప్రకాశం ఉండిపోయాడు. నేను ముందుగానే జీపెక్కాను. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఏమైనా ఉంటే ఒకటే. గంటను తేలిగ్గా తీసుకోకండి, అది చెప్పిన మాట వినే ఊళ్ళు ఇంకా ఉన్నాయి.

ఊరు దాటి బొగ్గు కుప్పలు కూడా వెనకపడ్డాక, ఎడమ చెవిలో ఏదో మోగింది. సోమ్లాను బండి ఆపమన్నాను.

"అవ్వా, గది నీ గంటనేనా?"

నా నాలుకే. బతుకంతా దాని కిందనే నిలబడ్డాను. నాకు వినపడింది హోరు మాత్రమే. అంత దూరం నుంచి అది ఎలా ఉంటుందో జనగామలో ప్రతి ఇంటికీ తెలుసు, నాకు తప్ప. ఇంత మెత్తగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. రెండో గంట అది. ఎందరినో రమ్మని పిలిచాను. నన్ను ఎవరైనా గంట కొట్టి పిలవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"తొమ్మిదైతే రోడ్డు బందవ్వా" అన్నాడు సోమ్లా.

"కానీయి" అన్నాను. "బండి తిప్పు."