మూడో ఆదివారం చాటింపు

మా నాన్న కొల్లేటి ఒడ్డున మా ఊరి గుడిలో ముప్పై ఏళ్ళు ఉపదేశిగా పనిచేశాడు. ఫాదర్ గారు రాని వారాల్లో ప్రార్థన నడిపించడం, పిల్లలకు జపాలు నేర్పడం, చావు ఇళ్ళకు వెళ్ళి జపమాల చెప్పడం ఆయన పని. అలాంటి మనిషి పోయిన రోజున, మా గుడి విచారణ సంఘం పెద్ద తన చేపల చెరువు గట్టు మీదుగా శవపేటికను పోనివ్వలేదు. వానలకు గట్టు మెత్తబడిందట. అంతమంది నడిస్తే తెగిపోతుందట. సమాధుల దగ్గరికి ఇంకో దారి లేదు. మురుగుకాలవలో దిగి, మోకాలి లోతు నీళ్ళలో మోసుకెళ్ళాం. మర్నాడు అదే గట్టు మీద చేపల మేత ట్రాక్టరు దర్జాగా పోయింది. నా కళ్ళతో చూశాను.

ఆ రోజు నుంచి ఆయన మీద పగబట్టాను. దానికి వేరే ముద్దుపేరు పెట్టను. నేను ఉంగుటూరు వైపు ఒక బళ్ళో టీచర్ని. కోపం మంచిది కాదని పిల్లలకు చెబుతాను. ఆదివారం పూజలో పఠనాలు చదువుతాను. పూజ మధ్యలో ఒకరికొకరు శాంతి సమాధానం చెప్పుకునే వేళ ఆయన మావైపు తిరిగి చేతులు జోడిస్తే మాత్రం పాటల పుస్తకంలో పేజీ వెతుక్కునేదాన్ని. ఆరేళ్ళు వెతికాను. ఆయన ముందు వరసలో తెల్లచొక్కా నలక్కుండా కూర్చుని, అందరికన్నా గట్టిగా పాడేవాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. దొరికే రోజు కోసం కాచుకుని కూర్చున్నాను.

దొరికాడు. నిరుడు చీర కొనడానికి తాడేపల్లిగూడెం వెళితే, బట్టల కొట్లో చీరలు విప్పి చూపిస్తున్న అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల. మధ్యాహ్నం కొట్టు వెనక మెట్ల మీద కూర్చుని అన్నం తింటూ తన సంగతంతా చెప్పింది. మా సంఘం పెద్దమనిషి కొడుకే ఆమె భర్త. రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నారు. మూడేళ్ళ పాప కూడా ఉంది. వేరే మతం పిల్ల అని తండ్రి గొడవ పెడితే అతను ఒకరోజు బట్టలు సర్దుకుని ఇంటికి పోయాడు, మళ్ళీ రాలేదు. విడాకులు కూడా లేవు. పెళ్ళి కాగితం ఫోన్లో చూపించింది.

"నీ సంగతి మా ఫాదర్ గారికి చెప్పనా అమ్మా?" అన్నాను.

"చెప్పండి టీచరుగారూ. నాకింక దాచుకునేదేముందండీ," అని ఆ కాగితం ఫొటో నాకు పంపింది.

చెబుదామనే అనుకున్నాను. ఈలోగా ఆ కొడుక్కి పెంటపాడు అమ్మాయితో పెళ్ళి కుదిరింది. మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుళ్ళో చాటింపు వేస్తారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయితో పెళ్ళి, అడ్డంకి ఏదైనా ఎరిగినవాళ్ళు విచారణ గురువుకు, అంటే ఫాదర్ గారికి, తెలియజేయాలి, అది వాళ్ళ బాధ్యత అని. మా గుళ్ళో ఆ చాటింపు చదివేది నేనే. ఆ ఆదివారం పూజకు ముందు ఫాదర్ గారు చీటీ నా చేతిలో పెట్టారు. పేరు చూడగానే ఒళ్ళంతా పులకరించింది. నిజం చెబుతున్నాను, అంత సంతోషం నాకు ఎన్నేళ్ళుగానో లేదు.

ఆ రోజే చెప్పేయొచ్చు. చెబితే ఏమవుతుంది? ఫాదర్ గారు పెద్దమనిషిని గదిలోకి పిలుస్తారు, తలుపు వేస్తారు, పెళ్ళి ఆగిపోతుంది. ఆయన బయటికొచ్చి అమ్మాయి వాళ్ళదే తప్పని నాలుగు మాటలు అల్లి, మళ్ళీ ముందు వరసలో కూర్చుంటాడు. అంత చవగ్గా వదలదలచుకోలేదు. మా నాన్నను నలుగురిలో కాలవలో దింపాడు కదా, ఆయన్నీ నలుగురిలోనే దింపాలి. మొదటి ఆదివారం చాటింపు చదివి ఊరుకున్నాను. రెండో ఆదివారమూ చదివాను. బాధ్యత అనే మాట దగ్గర గొంతు తడబడలేదు కూడా.

మూడో ఆదివారం పెంటపాడు నుంచి అమ్మాయి, ఆమె తండ్రి వచ్చారు. ఆయన టైలరు. పూజకు ముందు శుభలేఖ నా చేతికిచ్చి, "మీరు తప్పకుండా రావాలండీ," అన్నాడు. దాన్ని పాటల పుస్తకంలో పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

చాటింపు చదవడం అయ్యాక మైకు దగ్గర నుంచి కదల్లేదు. "అడ్డంకి నాకు తెలుసు. ఈ అబ్బాయికి పెళ్ళయింది, భార్య ఉంది, పాప ఉంది. కాగితం నా ఫోన్లో ఉంది," అన్నాను.

గుడి మొత్తం గోలగోలైంది. పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "గుళ్ళో చేసుకోని పెళ్ళి పెళ్ళేంటండీ? మన మతంలో అది చెల్లదండీ," అని అరిచాడు. ఫాదర్ గారు బలిపీఠం దగ్గర నుంచి దిగి వచ్చి కాగితం చూశారు. "ఉన్న భార్యను, కన్నబిడ్డను వదిలేసి వస్తే ఇక్కడ పెళ్ళి జరగదండీ. కూర్చోండి," అన్నారు. ఆయన కూర్చోలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని నడవలోంచి, అందరి మొహాలూ దాటుకుంటూ బయటికి పోయాడు. తెల్లచొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. తనివితీరా చూశాను.

బయట వసారాలో పెంటపాడు టైలరు నాకోసం నిలబడి ఉన్నాడు. కూతురు గోడవైపు తిరిగి ఏడుస్తోంది. దణ్ణం పెట్టి మెచ్చుకుంటాడనుకున్నాను. వాళ్ళ పిల్లను కాపాడాను కదా!

"ఏవండీ, ఈ సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "మొదటి ఆదివారానికే తెలుసండీ," అన్నాను.

"రెండు చాటింపులు అయ్యాయి, ఎవరూ అడ్డం చెప్పలేదు గదా అనే ధైర్యంతో మా వీధంతా కార్డులు పంచేశామండీ. ఆ చదివేది మీరేనంట గదండీ," అన్నాడు. గొంతు పెంచలేదు. కూతుర్ని భుజం పట్టుకుని నడిపించుకుంటూ ఆటో దగ్గరికి తీసుకెళ్ళాడు.

పెద్దమనిషి ఆ తర్వాత మా గుడికి రావడం మానేశాడు. అందుకు నాకు ఇవాళ్టికీ రవ్వంత విచారం లేదు. ఆయన్ని కాలవలో దింపాలనుకున్నాను, దింపాను. ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసినప్పుడూ అదే చెప్పాను. ఫాదర్ గారు నా పగ గురించి ఒక్క మాటా అడగలేదు. "రెండు ఆదివారాలు ఆ అమ్మాయి పేరు చదివారు కదండీ, అప్పుడు ఆమె మీకు గుర్తొచ్చిందా?" అన్నారు. గుర్తు రాలేదన్నాను. ప్రాయశ్చిత్తంగా పెంటపాడు వెళ్ళి, ఆమెను క్షమాపణ అడిగి రమ్మన్నారు.

ఏడాది కావస్తోంది. రెండుసార్లు బయల్దేరి పెంటపాడు దాకా వెళ్ళాను. మొదటిసారి బస్సు దిగకుండానే వెనక్కి వచ్చేశాను. రెండోసారి వాళ్ళ వీధి మొదటిదాకా నడిచాను. కొట్టు అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు ఎవరింటికండీ అని అడిగారు. టైలరుగారి ఇంటికన్నాను. "ఆ పెళ్ళి ఆగిపోయిన పిల్ల వాళ్ళిల్లేనా?" అంది ఒకామె. తల ఊపి, అక్కడి నుంచే తిరిగొచ్చేశాను.