తెల్లరాయిని ఎర్రగా చూసిన కెమెరా

టైడా అడవిలో పక్షులు చూపిస్తానని మా తమ్ముడు కిరణ్ మాటిచ్చి నెల దాటింది. అడిగినప్పుడల్లా ఒకటే సాకు: "అక్కా, కెమెరా ఇంకా సెట్ కాలేదు." వాడి కెమెరా పక్షుల కోసం కాదు. ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న ఒక పలుగురాళ్ళ మిల్లులో, బెల్టు మీద పోయే రాళ్ళలో మంచీ చెడూ కనిపెట్టేది. చివరికి నాకు ఒళ్ళు మండింది. వాడు రాకపోతే నేనే మిల్లుకి పోయి, చెవి పట్టుకుని టైడా లాక్కుపోదామని శుక్రవారం బ్యాంకుకి సెలవు పెట్టాను.

విశాఖ కాంప్లెక్సులో ఉదయం ఆరింటికల్లా అరకు బస్సు దొరికింది. కిటికీలోంచి లోయలు చూస్తూ పోవాలనుకునేవాళ్ళకి కిరండూల్ పాసింజరు రైలు బాగుంటుంది గానీ, మధ్యలో దిగే పనులుంటే బస్సే హాయి. ఎస్.కోటలో దిగి, వేడి ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. మిల్లని చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"ఆడోళ్ళు రాళ్ళేరే మిల్లేనా అమ్మా? ఇంకేటి ఏరతారు. కెమెరా ఒచ్చింది కదా, ఆళ్ళని మానిపించేత్తారంట."

ఆ మాటతో నా పక్షుల సరదా కాస్త తగ్గింది. మానిపించే ఆ వస్తువుని బిగించింది నా తమ్ముడే మరి.

గాజు ఫ్యాక్టరీలకి వెళ్ళే పలుగురాయి తెల్లగా ఉండాలి. ఇనుప మరక పట్టిన ఎర్రరాళ్ళు కలిస్తే లోడు వెనక్కి వస్తుంది. ఇన్నాళ్ళూ కొండమీది గూడేల నుంచి వచ్చే ఆరుగురు ఆడవాళ్ళు బెల్టు పక్కన నిలబడి వాటిని చేత్తో ఏరేవాళ్ళు. ఇప్పుడు బెల్టు పైన రేకు గూట్లో కెమెరా పెట్టారు. ఎర్రరాయి కనబడితే బెల్టు ఆగుతుంది, దీపం వెలుగుతుంది. ఇది వచ్చాక ఎంతమంది ఆడవాళ్ళు సరిపోతారో తేల్చడానికి ఆ మధ్యాహ్నమే ఓనరు వస్తున్నాడు.

నేను వెళ్ళేసరికి బెల్టు జానెడు కదలడం, ఆగడం. మళ్ళీ జానెడు, మళ్ళీ ఆగడం. మల్లెపువ్వుల్లాంటి రాళ్ళని కూడా కెమెరా ఎర్రవే అంటోంది. కిరణ్ లాప్‌టాప్ ముందు జుట్టు పీక్కుంటున్నాడు. "నిన్న సాయంత్రం దాకా బంగారంలా పనిచేసిందక్కా!"

సూపర్‌వైజరు అప్పలనాయుడు మాత్రం అప్పటికే తీర్పు చెప్పేశాడు. "అది పాడవనేదు బాబూ, పాడు సేసినారు. పొద్దున్న చిలకమ్మ స్టూలెక్కి గూట్లో సెయ్యెట్టడం వాచ్‌మన్ సూసినాడు. ఓనరు గారొచ్చీలోగా దాన్ని పంపించేత్తాను."

చిలకమ్మ రాళ్ళగుట్ట పక్కన నిలబడి ఉంది. రాళ్ళేరే ఆరుగురిలో ఒకామె, యాభై ఏళ్ళుంటాయి. "నానేటీ పాడు సెయ్యనేదు బాబూ" అని ఒక్కసారి అని తలొంచుకుంది. నిజంగా పాడుచేసి ఉన్నా ఆమెని తప్పు పట్టలేననిపించింది నాకు. కూడు లాక్కునే యంత్రం మీద ఎవరికి మాత్రం కోపం రాదు?

ఏమీ తోచక మిల్లంతా తిరిగాను. మోటారుకి పసుపు రాసి కుంకుమ బొట్టు. స్విచ్‌బోర్డుకి బొట్టు. కాటాకి బొట్టు. బయట మా వాడి బండి హెడ్‌లైటు మీద కూడా ఇంత బొట్టు. చిలకమ్మ దగ్గరికి వెళ్ళి, ఇవన్నీ ఎవరు పెట్టారని అడిగాను.

"నానేనమ్మా. శుక్కురారం కదా."

"మరి కొత్తదానికి పెట్టలేదా?"

"దానికే ముందెట్టినాను. అద్దం గుండ్రంగా ఉన్నాది కదా, సరిగ్గా నడిమిన."

పొద్దున్నుంచీ రంగుల సెట్టింగులు మారుస్తున్న మా ఇంజినీరు గారిని కేకేసి, స్టూలెక్కి చూడమన్నాను. వాడు గూట్లో తలపెట్టి చూసి, దిగి, అక్కడే కూలబడి నవ్వాడు. కళ్ళలో కుంకుమ పెట్టుకుని చూస్తే ఏ రాయి మాత్రం తెల్లగా కనబడుతుంది!

అప్పలనాయుడు నవ్వలేదు. "కావాలనే ఎట్టింది" అన్నాడు.

అప్పుడు తలెత్తింది చిలకమ్మ. "మా పని తీసేత్తాదని మీరే సెప్పినారు. అయినా కొత్తగా పన్లోకొచ్చింది కదా బాబూ. అన్నిటికీ ఎట్టి, దానికి బొట్టెట్టకండా ఎలగ వదిలేత్తాం?"

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నాయుడు బయటికి వెళ్ళాడు. కిరణ్ మళ్ళీ స్టూలెక్కి అద్దం శుభ్రంగా తుడిచాడు.

ఓనరు వచ్చి, పొద్దున్నంతా బెల్టు ఎందుకు ఆగిందని అడిగాడు. నాయుడు నోరు తెరిచేలోగా కిరణ్ అందుకున్నాడు. "అద్దం మీద మరకండి. రోజూ పని మొదలెట్టే ముందు తుడవాల్సింది నేను. ఇవాళ తుడవలేదు." అబద్ధం కాదది. ఈసారి బెల్టు తిన్నగా నడిచింది, ఎర్రరాయి వచ్చినప్పుడే దీపం వెలిగింది. వెలిగాక ఆ రాయిని తీసే చేతులు కావాలి కదా. ఆరుగురినీ మిల్లులో ఉన్న రెండు బెల్టులకీ సర్దమన్నాడు ఓనరు. "రాళ్ళు తీసే యంత్రం వచ్చేదాకా ఎవర్నీ మానిపించను" అన్నాడు. ఆ "దాకా" నా చెవిలో పడింది. చిలకమ్మ చెవిలోనూ పడే ఉంటుంది.

మధ్యాహ్నం ఆ ఆడవాళ్ళతోపాటు చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, కిరణ్ బండి మీద ఘాట్ ఎక్కి టైడా చేరాం. మిల్లు నుంచి గంటలోపు దారి. పక్షులు బాగానే కనబడ్డాయి, ఫోటోలూ తీశాను. కానీ ఇంటికొచ్చాక నాకు గుర్తొస్తున్నది చిలకమ్మే. రేపు తన పని పట్టుకుపోయేదని తెలిసి కూడా, వచ్చినదాన్ని బొట్టు పెట్టి పిలిచిన మనిషి. నాకైతే అంత మనసు లేదు. ఆ రెండో యంత్రం ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని మా వాడి ముఖం మీదే చెప్పాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఘాట్‌లో మంచుకి, ఆ దారిలో రాతిదుమ్ముకి లెన్సు ఊరికే మసకబారుతుంది, తుడుచుకోవడానికి మెత్తటి బట్ట ఒకటి దగ్గరుంచుకోండి. లెన్సు మాత్రమే తుడవండి. నేను మిల్లులోంచి బయల్దేరుతుంటే చిలకమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నా కెమెరా వంక చూసి అడిగింది, "అమ్మా, దీనికి నుదురెక్కడో సెప్పు, బేగి ఎట్టేత్తాను." పైభాగం చూపించాను. ఆ బొట్టు ఇంకా అక్కడే ఉంది.