హారన్ లేని పాట

ఆయన్ని ఆ వీధిలో అందరూ హలోగారనే పిలిచేవారు. మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి. ముప్పై ఏళ్లుగా ఏ సభలోనైనా మొదట మాట్లాడేది ఆయనే, కాకపోతే ఆ ఉపన్యాసం "హలో, హలో" దాటి ఎన్నడూ ముందుకు పోలేదు. మాట తక్కువ, పంతం ఎక్కువ. స్పీకరు కాస్త గుర్రుమన్నా ఆయనకు ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది.

లేకలేక పుట్టిన కూతురికి తొమ్మిదేళ్లు. ఆ పిల్ల పాడిందంటే పక్కింటివాళ్లు కుళాయి కట్టేసి మరీ వినేవారు. అలాంటి పిల్ల గొంతులో కాయ లేచింది. తీసేయకపోతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. తీశాక మాట వస్తుంది గానీ పాట రాకపోవచ్చట. ఆ మాట చేతిలోని కాగితంలోకి చూస్తూ చెప్పాడు. ఆపరేషను సోమవారం.

ఆదివారం పొద్దున్నే హలోగారు టేపురికార్డరు నడింట్లో పెట్టి, ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టాడు. పిల్ల పీట మీద కూర్చుని నాయనమ్మ నేర్పిన జోలపాట ఎత్తుకుంది. ఆ గొంతు వింటూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. దేవుడు ఓర్వలేకపోయాడేమో, ఆఖరి చరణంలో వీధిలో ఎవడో హారన్ కొట్టాడు.

"ఇంకోసారి పాడమ్మా."

"హారన్ ఉంటే ఉండనీండి, పిల్ల గొంతు పడిందిగా," అంది భార్య.

"నీకు తెలీదు. వందసార్లు విన్నా ఆ హారనే వినబడుద్ది."

ఆయన పనిలో ఒక అలవాటుంది. చెడిన పాట క్యాసెట్లో ఉంచడు. టేపు మొదటికి తిప్పి దానిమీదే మళ్లీ ఎక్కిస్తాడు. రెండుంటే జనం చెడ్డదే పెట్టమంటారని ఆయన సిద్ధాంతం. ఆ రోజూ చెయ్యి దానంతటదే టేపు వెనక్కి తిప్పింది. అల్మారాలో ఖాళీ క్యాసెట్లు డజను ఉన్నాయి. ఆ మాటే ఆయనకు తట్టలేదు.

రెండోసారి పిల్ల ఒక మాట మింగింది. మూడోసారి కుక్క మొరిగింది. పిచ్చి ముదిరి రోకలి తలకు చుట్టమన్నట్టు, ఆయన చివరికి గోడగడియారం కూడా ఆపేశాడు. మధ్యాహ్నానికి పిల్ల గొంతు బొంగురుపోయింది. అయినా నాన్న అడిగాడని పాడుతూనే ఉంది. తొమ్మిదోసారి సగంలో దగ్గుతెర వచ్చి ఆగిపోయింది. తల్లి పరుగున వచ్చి ఎత్తుకుపోయింది. టేపు మాత్రం చివరిదాకా తిరిగింది, ఆపాలని ఎవరికీ గుర్తులేదు. సాయంత్రం ఆసుపత్రిలో చేర్చారు.

ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారు చుట్టాలు. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది.

నెల తిరిగాక పిల్లే టేపురికార్డరు మోసుకొచ్చి తండ్రి ముందు పెట్టింది. కాదనే ధైర్యం లేక మీట నొక్కాడు. జీరగొంతు, దగ్గు, ఆ తర్వాత తల్లి తిట్లు. పిల్ల తల వంచుకుని అంతా వింది.

"నేను బాగా పాడలేదు కదా నాన్నా," అంది గుసగుసగా. "అందుకేగా అన్నిసార్లు పాడమన్నావు."

"మొదటిసారే బంగారంలా పాడావమ్మా. నేనే చెరిపేశాను."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. తనను ఊరుకోబెట్టడానికే అలా అంటున్నాడనుకుంది. నమ్మించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.