నా కంటికి అడ్డుగా కట్టిన దడి

తెనాలిలో మా చెల్లెలి అత్తగారింట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించారన్న సంగతి నాకు మా అమ్మ చెప్పింది. రేపల్లెలో మా పుట్టింటి వంటింట్లో చింతకాయ తొక్కు నూరుతూ చెప్పింది. చెప్పి, నా మొహం కేసి చూసి, "నీకూ భగవంతుడు ఏదో ఒకటి ఇస్తాడులేవే" అంది. నేను అడక్కుండానే ఓదార్చిందంటే నా మొహం ఎలా పెట్టానో మరి. డెబ్భైల మొదట్లో సంగతి ఇది.

నిజం చెప్పాలంటే కడుపు మండిపోయింది. చెల్లెలు నాకంటే చిన్నది. రిబ్బను దగ్గర్నించి రవికెగుడ్డ దాకా ఇద్దరం కొట్టుకుని పెరిగాం. అన్నిట్లోనూ మంచిది దానికే దక్కేది, చిన్నపిల్ల కదా అని. పెళ్ళిళ్ళూ అలాగే అయ్యాయి. నన్ను బాపట్లలో స్కూలు మాస్టారికిచ్చారు, దాన్ని తెనాలిలో బియ్యం మిల్లు వాళ్ళకిచ్చారు. మావారు మంచివారే. కానీ మంచితనానికి రేడియోగ్రాం రాదు, ఫియట్ కారు రాదు. అవన్నీ ఎలాగో మింగాను. పెళ్ళయిన మరుసటేడే దానికి పాప పుట్టడం మాత్రం మింగలేకపోయాను. నాకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు, కడుపు పండలేదు. దానికి అడక్కుండానే అన్నీ వచ్చిపడతాయి.

పూల్ చూడ్డానికి ప్యాసింజరు బండెక్కి తెనాలి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేను కదా. చెల్లెలి మామగారు మద్రాసులో ఏదో పెద్ద హోటల్లో చూసొచ్చి, వీధిలోకి కనపడే పక్క పెరట్లో అరటి చెట్లన్నీ కొట్టించి తవ్వించారట. లోపలంతా నీలం పలకలు. ఈ చివర మోకాలి లోతు, ఆ చివర మనిషి మునిగినా కాలు ఆనదు. ఇంట్లో ఈత వచ్చింది చెల్లెలి భర్త, మా మరిదిగారొక్కరికే, అదీ కాలవలో నేర్చుకున్నది. మిగతావాళ్ళు సాయంత్రంపూట గట్టు మీద కుర్చీలు వేసుకుని, కాళ్ళు తడవకుండా కాఫీ తాగేవాళ్ళు. నేనూ తాగాను. ఆ కాఫీ కూడా మా ఇంటి కాఫీ కంటే బాగుంది.

పాప అప్పుడే తప్పటడుగులు వేస్తోంది. అడుగు పడిందంటే నీళ్ళ వైపే. నా కళ్ళు పాప మీదా నీళ్ళ మీదా అటూ ఇటూ తిరుగుతున్నాయి. మా పుట్టింటి బావికి నడుమెత్తు గోడ ఉంది. ఊళ్ళో ఏ బావికైనా ఉంటుంది. ఇన్ని వేలు పోసి కట్టినదాని చుట్టూ మాత్రం జానెడు గోడ లేదు.

"చుట్టూ ఏదన్నా అడ్డు కట్టించండి మరిదిగారూ, పిల్ల తిరిగే చోటు" అన్నాను.

"గోడ కడితే ఇంక అందమేముంది వదినగారూ" అని నవ్వేశారాయన.

"అందం సరే, పొరపాటున పిల్ల జారి..."

మాట పూర్తవనే లేదు, చెల్లెలి అత్తగారు కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టారు. "దీపాలు పెట్టే వేళ. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మంచి మాటలు మాట్లాడమ్మాయ్."

ప్రమాదం పేరెత్తితే ఆ దేవతలు 'అలాగే అవుగాక' అంటారని ఆ ఇంట్లో అందరికీ భయం. పేరెత్తకపోతే ప్రమాదమే ఉండదని ధీమా. పైగా అన్నది ఎవరు? పిల్లల్లేనిది. అదే మాట నలుగురు పిల్లల తల్లి అని ఉంటే తాపీమేస్త్రీకి మర్నాడే కబురు వెళ్ళేది.

మళ్ళీ వెళ్ళేసరికి ఎండాకాలం వచ్చింది. రిక్షా దిగుతూనే పూల్ పక్కన నిలువెత్తు తాటాకు తడికలు కనపడ్డాయి. నా మాట విన్నారు కదా అని ఎంత పొంగిపోయానో. లోపలికెళ్ళి చూస్తే తడికలు వీధి వైపు మాత్రమే ఉన్నాయి. వాటికి ఒక బూడిదగుమ్మడికాయ, ఒక దిష్టిబొమ్మ వేలాడుతున్నాయి. వీధిన పోయేవాళ్ళు సైకిళ్ళాపి మరీ చూస్తున్నారట. పాపకి జ్వరం వచ్చిందట. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందని తడికలు కట్టించారు. ఇంటి వైపు ఎప్పటిలాగే బట్టబయలు. పిల్ల వీధిలోంచి వస్తుందా, ఇంట్లోంచి వస్తుందా అని అడిగేవాళ్ళు లేరు. అడగడానికి నాకు నోరు లేదు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునుకు తీశారు. నాకు పరాయి ఇంట్లో పగలు నిద్ర పట్టదు. వరండాలోకి వచ్చేసరికి పాప ఒక్కతే గట్టు అంచున గొంతుక్కూర్చుని, చేతిలో గిన్నెతో నీళ్ళు ముంచుతోంది. నిండిన గిన్నె బరువుకి ముందుకి తూలింది. ఎలా పరిగెత్తానో తెలియదు. గౌను వెనక కుచ్చు నా చేతికి దొరికింది. గిన్నె మునిగిపోయింది. పాప గిన్నె కోసం ఏడ్చింది, నేను పాపని ఎత్తుకుని ఏడ్చాను.

చెల్లెల్ని లేపి చెప్పాను. పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. ఇప్పుడైనా దడి కట్టిస్తుందనుకున్నాను. అది నెమ్మదిగా అంది, "ఈ మాట మా అత్తగారి దగ్గర అనకక్కా. నీ కన్ను పడబట్టే ఇలా అయిందంటారు."

"నా కన్నేంటే?"

"నేననట్లేదు. ఆవిడంటారు. నువ్వొచ్చి వెళ్ళిన ప్రతిసారీ దిష్టి తీస్తారు."

ఆ ఇంట్లో నేను పడుకున్న పరుపు, తిన్న కంచం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి, నేను వెళ్ళాక వాటినేం చేసేవాళ్ళోనని. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేను ఓర్వలేనిదాన్నే, ఎవరు కాదన్నారు? ఆ కారు చూసి కుళ్ళుకున్నాను, ఆ నగలు చూసి కుళ్ళుకున్నాను, ఆ పిల్ల నాకెందుకు పుట్టలేదని బాపట్లలో వంటింట్లో కూర్చుని ఏడ్చాను. కానీ ఆ పిల్ల వేలికి ముల్లు గుచ్చుకోవాలని ఎప్పుడూ కోరుకోలేదు. ఆ కోపంలోనే ఒకటి తట్టింది. వీళ్ళు నీళ్ళకి భయపడరు, కంటికి భయపడతారు. వీధి కళ్ళకి భయపడి వీధి వైపు కట్టారు. ఇంట్లో కంటికి భయపడితే ఇంటి వైపు కట్టరా?

సాయంత్రం వరండాలో అందరూ ఉండగా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. "ఎంత బొద్దుగా ఉందండీ అత్తయ్యగారూ! ఈ రంగు, ఈ బుగ్గలు! మా వంశంలో ఇంత అందమైన పిల్ల పుట్టలేదండి." మనవాళ్ళెవరూ పిల్లని అలా పొగడరు. పొగిడినా వెంటనే "నా దిష్టే తగిలేలా ఉంది" అని మెటికలు విరుస్తారు. నేను విరవలేదు. పెద్దావిడ కూర్చున్న చోటు నుంచి కదిలారు. నేను ఆగలేదు. "ఇక్కడ కూర్చుంటే నీళ్ళూ పిల్లా అన్నీ కనపడుతున్నాయండి, ఒక్క అడ్డు లేదు. దీని అదృష్టం చూస్తుంటే నా కళ్ళు తిప్పుకోలేకపోతున్నానండి. ఇక్కడే ఉండిపోయి రోజూ చూస్తూ కూర్చోవాలనుంది."

నాటకమే ఆడాను. కానీ అందులో ఒక్క అబద్ధమూ లేదు. ఆ మాటలన్నీ ఎప్పట్నించో నా లోపల ఉన్నవే. అందుకే అంత బాగా ఆడగలిగాను.

పెద్దావిడ పాపని నా ఒళ్ళోంచి తీసుకుని లోపలికెళ్ళారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి దిగదుడిచి పొయ్యిలో వేశారు. మిరపకాయలు కాలితే ఇల్లంతా దగ్గాలి. ఘాటు రాలేదంటే దిష్టి అంత గట్టిగా తగిలిందని లెక్క. "చూశావా, ఘాటే లేదు" అని ఆవిడ చెల్లెలితో అనడం నాకు వినపడింది. నేను వరండాలో చీర చెంగు నోట్లో కుక్కుకుని దగ్గాపుకుంటున్నాను.

వారం తిరక్కుండా ఇంటి వైపు దడి లేచింది. తరవాత వెళ్ళినప్పుడు చూశాను. సరుగుడు కర్రలు పాతి, సందు లేకుండా వెదురు తడికలు బిగించారు. ఒక తలుపు, దానికి పైన, పెద్దవాళ్ళ చేతికే అందే గొళ్ళెం. పాప దాని ముందు నిలబడి రెండు చేతులతో బాదుతోంది, తలుపు కదలడం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, మా అద్దింటికి ఇంత మంచి దడి ఎప్పుడొస్తుందోనని కుళ్ళుకున్నాను కూడా. ఏం చేయను, నా బుద్ధి అంతే.

పెద్దావిడ నన్ను చూసి పాప మొహం మీద కొంగు కప్పారు. ఆ తరవాత పాపని నా చేతికి ఇవ్వడం మానేశారు. రేపల్లెలో ఒకసారి ఒంటరిగా దొరికినప్పుడు చెల్లెలు అడిగింది, "నా బిడ్డ మీద నీకు అంత కుళ్ళేంటక్కా?" కాదని చెప్పడానికి నోరు తెరిచాను. సగం నిజమే, ఏ సగాన్ని కాదనేది? పైగా అసలు సంగతి చెబితే అది వాళ్ళాయనకి చెబుతుంది, ఆయన నవ్వుతూ దడి పీకించేస్తారు. ఊరుకున్నాను. అది వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు పిల్లలు పుట్టలేదు. పాప పెరిగింది. తండ్రి దగ్గర ఈత నేర్చుకుంది. డెబ్భైల చివర్లో ఒక సాయంత్రం నేను తెనాలి వెళ్ళేసరికి దడి తలుపు బార్లా తీసి ఉంది. లోపల గట్టు మీద కుర్చీలో చెల్లెలు కూర్చుంది. ఆ చివర, లోతు వైపు, రెండు జడలూ పైకి కట్టుకుని పాప దూకడానికి నిలబడింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"పెద్దమ్మా, నువ్వు చూడకూడదట. నాయనమ్మ చెప్పింది" అంది పాప, ఏ కోపమూ లేకుండా. "కళ్ళు మూసుకో, దూకుతాను."

చెల్లెలు ఏదన్నా అంటుందేమోనని దాని వైపు చూశాను. అది పాప వైపే చూస్తోంది.

కళ్ళు మూసుకున్నాను. నీళ్ళ చప్పుడు వినపడింది. పిల్ల పైకి తేలి నవ్వేదాకా ఊపిరి బిగబట్టుకుని అలాగే నిలబడ్డాను. మా చెల్లెలు మాత్రం కళ్ళారా చూసింది.