కారప్పూస జడలు

ఆ రోజుల్లో అందమైన జుట్టంటే షాంపూ ప్యాకెట్ మీద ఉన్న అమ్మాయి జుట్టే. నున్నగా, నిటారుగా, నడుము దాకా జారుతూ ఉండేది. నా జుట్టు మాత్రం ఎప్పుడూ కిందికి జారలేదు. తడిపితే చెవుల దాకా వచ్చేది, ఆరగానే మళ్లీ మాడు మీదికెక్కి కూర్చునేది. మర్యాదస్తులు ఉంగరాల జుట్టు అనేవారు గానీ, నిజానికి అవి బాల్‌పెన్నులో ఉండే స్ప్రింగులు. స్కూల్లో నా పేరు కూడా అదే. (ఇప్పటికీ హార్బరు దగ్గర ఎవరైనా "ఒలే స్ప్రింగూ" అంటే ఠక్కున వెనక్కి తిరుగుతాను. తిరిగాక సిగ్గేస్తుంది.) ఇప్పుడు నా పొడుగాటి సన్న జడలు చూసి బస్సులో కాలేజీ పిల్లలు "ఎక్కడ చేయించుకున్నారు ఆంటీ?" అని అడుగుతున్నారు. ఆంటీ అన్న మాట దిగమింగుకుని, అది పెద్ద కథలే అమ్మా అంటాను. ఆ కథే ఇది.

మాది విశాఖ సముద్రం ఒడ్డునున్న ఒక పేట. నాన్నా అన్నయ్యా వేటకి వెళితే, అమ్మ చేపల బేరానికి వెళ్లేది. ఇంట్లో ఉండి వలలు బాగుచేసేది నాయనమ్మ. వలలతోపాటు నా తల కూడా ఆవిడ బాధ్యతే. ఆదివారం వచ్చిందంటే గుమ్మంలో కూర్చుని, కింది మెట్టు మీద నన్ను తన మోకాళ్ల మధ్య ఇరికించి, ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని పనిలోకి దిగేది. "ఒలే గుంటా, కదిలావంటే దువ్వెన ఇరిగిపోద్ది! ఏటే ఇది, జుట్టా, సిక్కుబడ్డ వలా?" అని తిట్టేది. నేను ఏడ్చేదాన్ని. కానీ ఆ తిట్ల మధ్యలోనే పేటలో ఎవరి పడవకి ఏం పడింది, ఎవరి కోడలు ఎవరిని ఏమంది, తాతయ్య పెళ్లినాడు ఎలా తడబడ్డాడు, అన్నీ చెప్పేది. అంతా అయ్యాక నడినెత్తిన ఒక మొట్టికాయ వేసి "పో, ఐపోనాది" అనేది. ఆ మొట్టికాయ పడేదాకా మా ఇంట్లో ఆదివారం పూర్తయ్యేది కాదు. నేను డిగ్రీ చదివి, సీతమ్మధారలో ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్కులో రిసెప్షన్‌లో చేరాక కూడా ఆ మెట్టు, ఆ మోకాళ్లు, ఆ మొట్టికాయ అలాగే ఉండేవి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అందరిలాగే పార్లర్‌కి వెళ్లి జుట్టు సాపు చేయించుకున్నాను. సముద్రపు గాలికి అది ఒప్పుకోలేదు. బస్సు దిగి పేటలోకి నడిచి వచ్చేసరికి ఒక పక్క సాపుగా, ఒక పక్క స్ప్రింగులుగా తయారయింది. అప్పుడే ఫోన్లో ఒక వీడియో చూశాను. అచ్చం నాలాంటి జుట్టున్న అమ్మాయిలు, దాన్ని దువ్వి హింసించకుండా, సన్నసన్న పాయలుగా విడదీసి, వాటంతట అవే జడలు కట్టేలా చేసుకుంటున్నారు. రసాయనం లేదు, సవరం లేదు, దువ్వెనతో పనే లేదు. మర్నాడే వదినని పట్టుకున్నాను. వదిన అంటే మా అన్నయ్య భార్య, భీమిలి పిల్ల. వల అల్లడంలో గట్టిది. కాకపోతే ఆవిడకీ నాయనమ్మకీ ఒక విషయంలో ఎప్పుడూ పేచీ. మా పేటలో ముడి వేసేటప్పుడు చివరి మెలిక లోపలికి తిప్పుతారు, భీమిలిలో వెనక్కి తిప్పుతారు. "మన వలకి మన మెలిక ఎయ్యవే" అని నాయనమ్మ అనడం, వదిన తలూపి మళ్లీ వెనక్కే తిప్పడం మా ఇంట్లో రోజూ జరిగేదే.

ఇక పాయ ఎంత లావుండాలన్నది తేల్చడానికి వదిన వంటింట్లోంచి జంతికల గొట్టం తెచ్చి, బిళ్లలన్నీ నా ముందు పరిచింది. జంతికల బిళ్ల చూస్తే మరీ లావు, తల బరువెక్కుతుంది. నేను సేమియా అంత సన్నం కావాలన్నాను. "సేమియా ఐతే నా వల్ల కాదు తల్లీ. అవి అయ్యేలోగా నా కడుపులో గుంట పుట్టి, బడికి కూడా ఎల్లిపోద్ది" అంది వదిన. (అప్పటికి ఆవిడకి నెలలు నిండుతున్నాయి.) చివరికి ఇద్దరం కారప్పూస బిళ్ల దగ్గర రాజీపడ్డాం. సరిగ్గా అప్పుడే నాయనమ్మ చుట్టాలింట్లో పెళ్లికని పూడిమడక వెళ్లింది. ఆవిడ తిరిగొచ్చేలోగా, వదిన నా తలని వలకళ్లలాగా గళ్లుగళ్లుగా పాపిడి తీసి, ఒక్కో పాయ కొసని ఊలు అల్లే కొక్కెం సూదితో మొదలు దగ్గర దూర్చి లాగి, వల ముడికి వేసినట్టే మెలిక తిప్పుతూ, తల నిండా జడలు అల్లేసింది. అద్దంలో చూసుకుంటే మొదటిసారి నా జుట్టు నా మాట విన్నట్టనిపించింది. క్లినిక్కులో డాక్టరు మేడమ్ ఒకసారి ఎగాదిగా చూసి, "బాగుంది, ముందు ఆ ఫోను ఎత్తు" అన్నారు. అంతటితో గండం గడిచిందనుకున్నాను.

నాయనమ్మ పెళ్లి నుంచి వచ్చి, గుమ్మంలో నన్ను చూసి, చేతిలో సంచీ అక్కడే వదిలేసింది. తిట్లకి నేను తల వంచుకుని సిద్ధంగా ఉన్నాను. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆవిడ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది, కళ్లలో నీళ్లు. "ఓలమ్మో! మళ్లీ మన ఇంటికొచ్చావా తల్లీ!" అంది. అప్పుడు గుర్తొచ్చింది. నాయనమ్మ వాళ్ల అత్తకి ఒకప్పుడు నిద్ర లేచేసరికి జుట్టు జడలు కట్టిందని, అది అమ్మవారు రావడమేనని, ఆవిడ ఉన్నన్నాళ్లూ మా పడవ ఒట్టిచేతులతో తిరిగి రాలేదని చిన్నప్పటినుంచీ వింటున్నదే. అత్త పోయాక అమ్మవారు ఇల్లు వదిలి వెళ్లిపోయిందని నాయనమ్మ దిగులు. అది తీర్చడానికి అమ్మవారు నా స్ప్రింగుల మీదికి వచ్చిందని ఆవిడ నమ్మేసింది.

వెంటనే చెప్పాను, చెప్పలేదని కాదు. "నాయనమ్మా, అమ్మోరు కాదు, ఏటీ కాదు. నాను సేయించుకున్నాను. వదిన సేసింది."

నాయనమ్మ చిన్నగా నవ్వింది. "మా అత్త కూడా అలగే అనీది. నాకేటీ నేదు, నాకేటీ నేదని. అమ్మోరు ఒంటిమీదికి వచ్చినోళ్లు ఒప్పుకోరు తల్లీ."

వదిన వైపు చూశాను. వదిన వంటింటి తలుపు వెనక్కి తప్పుకుంది. తర్వాత పట్టుకుని అడిగితే, "ముసలమ్మకి తెలిస్తే నన్ను పుట్టింటికి కాదు, సముద్రంలోకి పంపేత్తాది. నన్నిందులోకి లాగకు, నీ కాళ్లు పట్టుకుంటాను" అంది. అప్పటికే పేటలో చాలామంది నా కాళ్లు పట్టుకుంటున్నారు కాబట్టి వదిలేశాను.

మొదట్లో బాగానే ఉంది, అబద్ధమెందుకు? చేపలు తోమమనేవాళ్లు లేరు, నీళ్లు పట్టమనేవాళ్లు లేరు. శుక్రవారం వస్తే పసుపు నీళ్లతో కాళ్లు కడిగేవారు. కాకపోతే నా కంచంలోంచి చేప మాయమయింది. జడలు కట్టిన ఒంటికి నీసు పనికిరాదట. (మా అమ్మవారికి పండగలో కోడిని కోస్తారు. ఆవిడ తినగా లేనిది, ఆవిడ వచ్చిన నాకు చారన్నం ఏమిటని అడిగాను. ఇంకో గరిటె చారు పోశారు.) ఒకరోజు ఎదురింటి పెద్దమ్మ కొబ్బరికాయతో వచ్చి, "రేపు మావోళ్లు ఏటకెల్తన్నారు తల్లీ, ఎలగుంటాది?" అని అడిగింది. నేను ఫోన్ తీసి వాతావరణం చూసి, "గాలి ఎక్కువుంది పెద్దమ్మా, ఎల్లుండి ఎల్లమను" అన్నాను. మర్నాడు గాలి వీచింది. "అమ్మోరు ఫోన్లో కూడా సెప్తాదర్రా!" అని పెద్దమ్మ పేటంతా తిరిగి చెప్పింది. ఆ తర్వాతి శుక్రవారం మా గుమ్మంలో చెప్పులు పెట్టుకోవడానికి చోటు లేకపోయింది.

ఆదివారం వచ్చింది. అలవాటు కొద్దీ వెళ్లి కింది మెట్టు మీద కూర్చున్నాను. వెనక మోకాళ్లు లేవు, ఆముదం గిన్నె లేదు. నాయనమ్మ దూరంగా పీట వేసుకుని, వల ముందు పెట్టుకుని కూర్చుంది. రమ్మంటే, "అమ్మోరి జడలు ముట్టుకోకూడదు తల్లీ" అంది. ఆ తల్లీ అన్న మాట నాకు గుచ్చుకుంది. నన్ను ఒలే అనడం మానేసింది, గుంటా అనడం మానేసింది. ఎదురింటి కోడలి కబుర్లు కూడా చెప్పడం లేదు, అమ్మవారి ముందు చాడీలు చెప్పకూడదని కాబోలు. నా తల మీద దేవత ఉంటే ఉండనీ గానీ, నాకు మా నాయనమ్మ చేతులు కావాలి. ఎవరికి చెప్పుకోను? ఆ మెట్టు మీద కూర్చుని, దువ్వెన లేకుండానే ఏడ్చాను.

ఇంతలో వదిన పురిటికి భీమిలి వెళ్లిపోయింది. ఈ జడలు ఒకసారి వేసి వదిలేస్తే సరిపోయేవి కావు. తలంటుకున్నాక ఒక్కోటీ విడదీసి ఎండలో ఆరబెట్టాలి, లేకపోతే పక్కపక్కవి కలిసిపోతాయి. జిడ్డు నూనె రాయకూడదు, రాస్తే మా పేట ఇసకంతా అందులోకే. కుదుళ్ల దగ్గర కొత్త జుట్టు వచ్చే కొద్దీ కొసని మళ్లీ దూర్చి బిగించాలి. ముందువైపు ఎలాగో లాక్కొచ్చాను. వెనకవైపు కనపడదు, చెయ్యి అందదు. మెడ దగ్గర రెండు జడలు కలిసి జంతికలా తయారయ్యాయి. ఒక ఆదివారం మెట్టు మీద కూర్చుని, ఒళ్లో అద్దం పెట్టుకుని, మెడ వంకర్లు తిప్పుతూ, కొక్కెం సూదితో ఒకే పక్కనుంచి గుచ్చి గుచ్చి లాగుతున్నాను. వెనక నాయనమ్మ వల బాగుచేస్తున్న చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి ఒక నిట్టూర్పు వినిపించింది. ఆ తర్వాత ఇంకోటి.

"ఒలే!"

నా చేతిలో సూది ఆగిపోయింది.

"ఒలే గుంటా! ఒకే పక్కనుంచి లాగితే వలకన్ను సాగినట్టు గడి పెద్దదైపోద్దే! ఇలగ ఎవులు నేర్పినారే నీకు? ఇటియ్యి!"

అమ్మవారి మీద భక్తి ఎంత ఉన్నా, కళ్ల ముందు ఎవరైనా ముడి పాడుచేస్తుంటే నాయనమ్మ ఓర్చుకోలేదు. పీట ఎత్తి పక్కన పడేసి, వచ్చి నా వెనక కూర్చుంది. ఆ వేళ్లు ఒక పాయ పట్టుకుని, బిగించి, దాని వెంట కిందికి జారి, కొస దగ్గర ఆగాయి. కొసని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఇంకో పాయ తీసింది. ఇంకోటి.

"ఇది భీమిలి మెలిక."

ఆ కొసని నా భుజం మీంచి తెచ్చి నా కళ్ల ముందు ఆడించింది.

"ఎనక్కి తిప్పిన మెలిక. మన అమ్మోరు ఈ పేటలో పుట్టిన మడిసి. ఆవిడకి భీమిలి మెలిక ఎలగొస్తాదే?"

"అదే కదా నాయనమ్మా, నాను మొదట్నుంచీ సెప్తన్నాను!"

నడినెత్తిన ఠంగుమని మొట్టికాయ పడింది. నా బతుకులో అంత గట్టిది మళ్లీ పడలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నేను నవ్వుతున్నాను. "నవ్వుతన్నావేటే దొంగ గుంటా! పేటంతటి సేతా కాళ్లు కడిగించుకున్నావు!" అని తిడుతూనే మెడ దగ్గరి జంతికని విడదీయడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, అమ్మోరు రానందుకు బాధగా ఉందా అని మెల్లగా అడిగాను. "ఉంటాది కదేటి. ఉన్నాదిలే. ఐనా ఇన్నాల్లూ నీ నెత్తి ముట్టుకోనేక నా సేతులకి తోసనేదే" అంది. ఆ తర్వాత ఎదురింటి కోడలి కబురు అందుకుంది. ఆ పూట నా కంచంలోకి చేప కూడా తిరిగొచ్చింది.

వదిన పిల్లనెత్తుకుని వచ్చాక మా ఇంట్లో కొన్నాళ్లు పెద్ద తుపానే నడిచింది. అది పసిదాని ముఖం చూసి చల్లారింది. నా తల మాత్రం నాయనమ్మ మళ్లీ వదినకి ఇవ్వలేదు. నెత్తి మనది, మెలికా మనదే ఉండాలంది. నా మీదికి అమ్మవారు రాలేదంటే పేట ఆడవాళ్లు చాన్నాళ్లు నమ్మలేదు. (ఎదురింటి పెద్దమ్మ ఇప్పటికీ గాలివాన వస్తుందంటే నాకే ఫోన్ చేస్తుంది.)

నాయనమ్మ ఇప్పుడు లేదు. నేను పెందుర్తిలో కాపురం ఉంటున్నాను, వీలైన ఆదివారాలు పేటకి వస్తాను. గుమ్మంలో వదిన కూర్చుంటుంది, కింది మెట్టు మీద నేను. జడ పెరిగే కొద్దీ మొదట్లో వేసిన ముడులు కిందికి జారుతూ వస్తాయి కదా, నా జడని కొస నుంచి తడుముకుంటూ వస్తే ముందు వదిన ముడులు తగులుతాయి. ఆ పైన నడుము నుంచి భుజం దాకా అన్నీ నాయనమ్మవే. మళ్లీ కుదుళ్ల దగ్గర వదినవి. పార్లర్ పిల్ల ఒకసారి కొసలు కత్తిరించమంటారా అని అడిగితే ఇంతెత్తున లేచాను. పైనా కిందా భీమిలోళ్లే, మధ్యలో నన్ను నలిపేత్తన్నారని నాయనమ్మ ఉంటే ఈపాటికి రచ్చ చేసేది.

మొన్న ఆదివారం వదిన చివరి పాయ బిగించి, "ఐపోనాది, లెగు" అంది. నేను లేవలేదు.

"ఏటి, ఇంకేటి మిగిలింది?"

"మొట్టికాయ."

వదిన నవ్వి, వేళ్లు మడిచి నడినెత్తిన ఒకటి వేసింది. మెత్తగా తగిలింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, భీమిలోళ్లకి మొట్టికాయ వెయ్యడం కూడా రాదు.