శవం లేచేదాకా పొయ్యి వెలగని ఊరు

రాజుల యుద్ధాల కంప్యూటర్ ఆటలంటే నాకు అప్పుడూ ఒళ్ళు మంటే, ఇప్పుడూ ఒళ్ళు మంటే. రెండువేల సంవత్సరం దాటాక నర్సీపట్నంలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. డిగ్రీ చదువుతున్నామని పేరే గానీ మా క్లాసులో సగం మంది పొద్దస్తమానం అక్కడే పడి ఉండేవాళ్ళు. తెర మీద ఒక కోట, చుట్టూ పొలాలు, చెట్లు. పనివాళ్ళు ఆ కోటలోంచి పెరిగి పెద్దవాళ్ళయ్యే పుట్టుకొస్తారు. చెట్టు నరకమంటే చచ్చేదాకా నరుకుతూనే ఉంటారు. వాళ్ళకి ఆకలి లేదు, నిద్ర లేదు, జలుబైనా చేయదు. పిల్లల్లేరు, ముసలివాళ్ళు లేరు. పక్కనున్నవాడు బాణం తగిలి పడిపోతే వీడు గొడ్డలి ఆపడు. శవం దానంతటదే మట్టిలో కలిసిపోతుంది. దాన్ని నాగరికత అనేవాళ్ళు, సిగ్గు లేకుండా.

ఆ ఆటలో ఎక్కడెక్కడి రాజ్యాలో ఉండేవి, మనది మాత్రం లేదు. దాంతో మా క్లాసు డాక్టరుగారబ్బాయికి పౌరుషం పొడుచుకొచ్చింది. సెంటర్లో అతని కుర్చీలో ఇంకొకడు కూర్చోకూడదు, అంత పోటుగాడు. ఆటతోపాటు ఎడిటర్ ఒకటి వచ్చేది. అందులో సొంత ఊరు కట్టుకోవచ్చు, ఫలానాది జరిగితే ఫలానాది జరగాలని షరతులు రాసుకోవచ్చు. కాలేజీ ఎగ్జిబిషన్లో మన రాజ్యం చేసి చూపిద్దామన్నాడు. అతని వెనకే తిరిగే ఇద్దరు గంగిరెద్దుల్లా తలూపారు. సొంత ఊరు కట్టుకోవచ్చన్న మాటకి నేనూ చేరాను.

మన నాగరికత అంటే ఏం పెట్టాలని చర్చ మొదలైంది. ఏనుగులన్నాడొకడు. అందరికీ మీసాలుండాలన్నాడు ఇంకొకడు. కోటగోడ ఎత్తు పెంచాలన్నాడు డాక్టరుగారబ్బాయి. వాళ్ళ బుర్రల్లో నాగరికత అక్కడికి అయిపోయింది. మరి ఊళ్ళో జనం ఏం చేస్తుంటారని అడిగాను.

"అదెవడిక్కావాలిరా. ఆ ఊరి గొడవేదో నువ్వే సూసుకో" అన్నాడు.

చూసుకున్నాను. వారం వారం సంత పెట్టాను. మిట్టమధ్యాహ్నం జనం పని ఆపి నీడకి చేరేలా పెట్టాను. నెత్తిన చేపల గంపతో వీధి వీధీ తిరిగే ఆడవాళ్ళని పెట్టాను. ఒక్కడైనా చూసిన పాపాన పోలేదు. వాళ్ళ కళ్ళన్నీ ఏనుగుల మీదే.

గంప మోసే ఆ ఆడమనిషిని మా నాన్నమ్మని తలుచుకునే పెట్టాను. మాది నక్కపల్లి దాటాక సముద్రం ఒడ్డున పల్లె. తాత, బాబాయి చేపల వేటకి వెళ్ళేవాళ్ళు. నాన్న చదువుకుని మేష్టారై నర్సీపట్నం వచ్చాడు. నాన్నమ్మ ఎండుచేపలు కోటవురట్ల దాకా తీసుకెళ్ళి అమ్మేది. నా చిన్నప్పుడు వేటకెళ్ళిన బాబాయి తిరిగి రాలేదు. తాత అప్పటికే లేడు, అందుకని నాన్న ఆమెని మా ఇంటికి తెచ్చేసుకున్నాడు.

మా ఇంట్లో నాన్నమ్మ చేపలు తోమేది, ముక్కలు కోసేది, ఉప్పూ కారం పట్టించేది. పొయ్యి మాత్రం వెలిగించేది కాదు. టీ తాగాలనిపిస్తే గిన్నెలో నీళ్ళు పోసుకుని, టీపొడి డబ్బా పక్కన పెట్టుకుని, ఎవరో ఒకరు వచ్చేదాకా కూర్చునేది. "గ్యాసంటే భయం ఆవిడకి" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మేమూ అదే అనుకున్నాం.

మా పల్లెలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ఒక్క పడవా నీళ్ళలోకి దిగదు. ఊరన్నాక అలాగే ఉంటుందని నా నమ్మకం. అందుకని ఆటలోనూ అదే షరతు రాశాను. ఊళ్ళో మనిషి పోతే అందరూ పని ఆపాలి. ఇళ్ళ మీద పొగ ఆగాలి. నలుగురు వచ్చి శవాన్ని మోసుకెళ్ళాకే మళ్ళీ పని మొదలవ్వాలి.

ఎగ్జిబిషన్‌కి ముందురోజు మా కంప్యూటర్ లెక్చరర్ చూడడానికొచ్చారు. డాక్టరుగారబ్బాయి రాజుగా కూర్చున్నాడు. శత్రువులు రాగానే మొదట మా చేపల పడవ ఒకటి ముంచారు. ఊళ్ళో పొగ ఆగిపోయింది. మిగతా పడవలు ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్ళు గంపలు దించారు. మోసేవాళ్ళు నలుగురూ ఒడ్డుకెళ్ళి నిలబడ్డారు.

అలా నిలబడే ఉన్నారు. ఆ ఆటలో పడవ మునిగితే అందులోని మనిషి మిగలడు, శవం తేలదు. అది నాకు తట్టలేదు. శవం లేవలేదు కాబట్టి ఊరు కదల్లేదు. శత్రువులు తీరిగ్గా వచ్చి తలుపులు విరగ్గొట్టారు. తోలేవాడు లేక ఏనుగులు కదల్లేదు. రాజ్యం పోయింది.

లెక్చరర్ పడీ పడీ నవ్వారు. "ఏమయ్యా, చేపలు పట్టేవాడొకడు పోతే రాజ్యమంతా చతికిలబడిపోద్దా? ఇంతకీ ఎన్నాళ్ళు కూర్చుంటారు వీళ్ళు?" అన్నారు. గంగిరెద్దులిద్దరూ పళ్ళికిలించారు. నెలకోసారి జీతం తీసుకుని క్లాసులో కునికే మనిషికి ఊరు పని ఆపడం వింతగా ఉంది.

"ఏటిరా ఇది, పరువు తీసీసినావు" అన్నాడు డాక్టరుగారబ్బాయి. "కాసేపాగి ఆళ్ళే పనికెళ్ళిపోయేలాగ పెట్టీ. రేపటికి అయిపోవాల. లేపోతే ఆ రూలే తీసిపారేస్తాను."

మండిపోతూ ఇంటికెళ్ళాను. ఎన్నాళ్ళు అన్న లెక్చరర్ మాటే దారంతా తొలిచింది. వంటింట్లో నాన్నమ్మ గిన్నె ముందు కూర్చుని ఉంది.

"వొచ్చీసినావా నాయినా. బేగి ఆ పొయ్యి ఎలిగించు" అంది.

వెలిగించాను. టీ మరుగుతుంటే అడిగాను. "నాన్నమ్మా, బాబాయి శవం దొరకలేదు గదా. మరి మన ఊళ్ళో పొయ్యిలు ఎప్పుడు వెలిగించారు?"

ఆమె గిన్నెలోకే చూస్తూ చెప్పింది. "మూడు దినాలు సూసినారు. పిల్లలు ఆకలికి ఏడుత్తన్నారని పెద్దోలు సెప్పేరు. ఎలిగించీసినారు. ఆలది తప్పేటి నేదు."

"నువ్వో?"

"నానెలాగ ఎలిగిత్తాను నాయినా. ఆడ్ని ఇంకా ఎవులూ ఎత్తనేదు కదా."

టీ పొంగి పొయ్యి మీద పడింది. నేను కట్టేయడం మర్చిపోయాను.

మర్నాడు నేను మార్చనని చెప్పేశాను. డాక్టరుగారబ్బాయి నన్నొక పురుగును చూసినట్టు చూసి, తానే కూర్చుని మార్చేశాడు. దానికి అతనికెంతోసేపు పట్టలేదు. హాలు నిండా జనం. పడవ మునిగింది, పొగ ఆగింది. జనం అయ్యో అనేలోపే ఊళ్ళోవాళ్ళు లేచి గంపలెత్తుకున్నారు. ఒడ్డున నిలబడ్డ నలుగురూ వెనక్కి తిరిగి గొడ్డళ్ళు పట్టుకుని చెట్ల దగ్గరికి పోయారు. ఏనుగులు కదిలాయి. చప్పట్లు మోగిపోయాయి. ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు, కనిపించదు కూడా. మెదడున్న చోట కదా కనిపించేది.

మాకే మొదటి బహుమతి వచ్చిందట, స్టేజి మీద నా పేరూ పిలిచారట. నేనప్పటికే బయటికొచ్చేశాను. అమ్మ ఆ రోజు ఊళ్ళో లేదు, నాన్న బడిలో ఉన్నాడు. నాన్నమ్మ గిన్నెలో నీళ్ళు పోసుకుని కూర్చుని ఉంటుంది.