మూడేళ్ళ రాజు, కొబ్బరిపాల నూడుల్స్

అమెరికాలో, ఇర్వింగ్‌లో లక్ష్మి వాళ్ళ వంటింట్లో వెల్లుల్లి వేగుతోంది. తను కొబ్బరిపాల పులుసులో నూడుల్స్ వేసి, పైన ఆ వెల్లుల్లి చల్లి, నిమ్మకాయ పిండుతుంది. ఈ వాసన తగిలితే చాలు, రమణమ్మ ఆంటీ పక్కన నిలబడి నన్ను మందలిస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ రంగూన్‌లో పుట్టి, విశాఖలో చదివి, ఇక్కడ ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశారు. "జనాన్ని నిద్రపుచ్చి బతికాను, నిన్ను మాత్రం నిద్రపోనివ్వను" అనేవారు. రిటైరయ్యాక మా ఆదివారం తెలుగు బడికి పెద్దదిక్కు ఆవిడే.

అప్పట్లో నేను ఆ బడికి ప్రిన్సిపాల్‌నైన కొత్త. టీచర్లు లక్ష్మి, సుధీర్ వేరే బడి పెడుతున్నారని ఎవరో నా చెవిన వేశారు. అసలే నాకు ముక్కు మీద కోపం. పిలిచి అడగలేదు, ఇద్దర్నీ టీచర్ల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాను. సాయంత్రానికి మిగతా ఆరుగురూ వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారు. గ్రూపులో మిగిలింది నేనూ, ఆంటీ. వచ్చే ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే దిక్కు లేదు, బడి మూతపడేలా ఉంది.

మర్నాడు ఆంటీ పెద్ద గిన్నె నిండా నూడుల్స్‌తో మా ఇంటికొచ్చారు. వాళ్ళదే తప్పన్నాను.

"ముందు తిను. బర్మాలో ఓ రాజుండేవాడని మా అమ్మ చెప్పేది. మూడేళ్ళే ఏలాడు. గద్దెక్కగానే ఇద్దరు సేనాపతుల మీద డౌట్ వచ్చింది. పిలిచి అడిగాడా? లేదు, చంపించేశాడు. దాంతో వాళ్ళ తోటి సేనాపతి తిరగబడ్డాడు. తర్వాత సొంత బాబాయే ఎదురుతిరిగాడు. ఉన్న మూడేళ్ళూ కోటలు ముట్టడించడానికే సరిపోయింది."

"అంటే నేనూ అంతేనా ఆంటీ?"

"నీ చేతిలో కత్తి లేదు కాబట్టి రిమూవ్ నొక్కావ్."

నాకు తల కొట్టేసినట్టయింది. చివరికేమైందని అడిగాను.

"బాబాయి దొరికాడు. తల తీస్తాడనుకున్నారంతా. క్షమించి వదిలేశాడు. ఆ మూడేళ్ళలో చేసిన మంచిపని అదేనమ్మా. నీ సేనాపతులింకా బతికే ఉన్నారు కదా, నడు. నేను డ్రైవ్ చేస్తా."

గిన్నె నా ఒళ్ళో పెట్టి లక్ష్మి ఇంటికి తీసుకెళ్ళారు. తలుపు తీసిన లక్ష్మితో, "వేరే బడి పెడుతున్నారని విని, నిన్ను అడక్కుండా తీసేశాను. తప్పు నాదే" అన్నాను. "వేరే బడి కాదక్కా, పెద్దపిల్లలకి ఇంకో క్లాస్ పెడదామనుకున్నాం. మీకు చెప్పేలోపే..." అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఆంటీ మాత్రం వాళ్ళ వంటింట్లో ప్లేట్లు వెతుక్కుంటున్నారు. తిరిగొచ్చే దారిలో సుధీర్ ఇంటికీ వెళ్ళాం. ఆదివారం టీచర్లందరూ వచ్చారు.

ఆంటీ పోయి నాలుగేళ్ళు. ఆ వంట లక్ష్మికి నేర్పారు, నాకు కాదు. ఆవిడ మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. ఇప్పుడు ప్రిన్సిపాల్ లక్ష్మే. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, కొత్త టీచర్ ఒకాయనతో వేగలేకపోతున్నా. గ్రూప్‌లోంచి తీసేద్దామా?" అంది. "తీసేద్దువుగాని, ముందు భోజనానికి పిలువు" అన్నాను.

ఇవాళ వేగుతున్న వెల్లుల్లి ఆయన కోసమే.